పాటకూ ఒక కథానిలయం కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

మన ఉత్తరాంధ్ర ప్రాంతపు సంగీత చరిత్ర ప్రస్తావన వచ్చినప్పుడల్లా నలుగురైదుగురు మహనీయుల పేర్లు తలచుకుని తృప్తి పడడం మనకు అలవాటైపోయింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాలు అయ్యారనీ, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే వయొలిన్ పాఠం చెప్పారనీ, ఘంటసాల ఆ ఊళ్లోనే పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యరికం చేశారనీ, సాలూరి రాజేశ్వరరావు, పి. సుశీల ఈ గడ్డమీదే పుట్టారనీ బడిపిల్లలు సైతం చెప్పగలరు. అయితే వీరి పాటలు ఏ ఏడాది ఏ గ్రామఫోను రికార్డు మీద వచ్చాయి, వాటిని రాసినవారెవరు, ఆ రికార్డు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అని ఒక విద్యార్థి అడిగితే, ఫలానా చోటికి వెళ్లి ఫలానా జాబితా చూడు అని చెప్పగలిగినవారు నాకింతవరకు తారసపడలేదు. పుట్టిన ఊరు చెప్పుకోవడం అభిమానం మాత్రమే. అది చరిత్ర కాదు.

ఇందుకు నమూనా కోసం దూరం వెళ్లనక్కరలేదు. కథారచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తెలుగు కథలను భద్రపరిచే కథానిలయం ప్రారంభించారు. తన పురస్కారాల సొమ్మును అందుకే వెచ్చించారు. పేరున్న రచయితల సంపుటాలు పోగుచేయడంతో ఆగి ఉంటే అది మరొక గ్రంథాలయం అయ్యేది. పాత పత్రికల సంచికలు సంపాదించి, ఏ కథ మొదట ఏ పత్రికలో ఎప్పుడు అచ్చయిందో నమోదు చేయడం వల్లనే తెలుగు కథ మీద పరిశోధన చేసేవారందరికీ అది ఆధారమైంది. పెద్ద కథ, చిన్న కథ అనే ఎంపిక అక్కడ లేదు. జనం పాడుకున్న పాటకు సరిగ్గా ఇటువంటి చోటే కావాలని నా మనవి.

జ్ఞాపకాలు ఉన్నాయి కదా, పెద్దలను అడిగి రాసుకుంటే చాలదా అని కొందరు అంటున్నారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరం నమ్మాం. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు సెన్సారు తేదీ మొదలైన ఆనాటి ఆధారాలను వెతికి తీశాక, అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. అంత ప్రసిద్ధమైన చిత్రం విషయంలోనే ఇన్నేళ్లు పొరబడితే, లేబులు చిరిగిపోయిన, సినిమాలకు చెందని ఒక ప్రైవేటు గీతం సంగతి ఏం చెప్పగలం? అందుచేత ప్రతి వివరం పక్కనా అది ఎవరైనా చెప్పినదా, మనం కళ్లారా చూసినదా అన్నది విధిగా రాయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం గందరగోళం పుట్టకుండానే ఉంటుంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డునే చూడండి. పది అంగుళాల పళ్లెం, ఒక్కో పక్క ఇంచుమించు మూడు నిమిషాల పాట. లేబులు మీద కంపెనీ పేరు, పాడినవారి పేరు, ఒక అంకె ఉంటాయి. అది అమ్మకానికి వేసిన అంకె. లేబులు చుట్టూ గీతలు లేని నున్నని జాగాను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే అచ్చుగుద్దినట్టు మరో చిన్న అంకె కనబడుతుంది. అది ఆ పక్కన ఉన్న రికార్డింగుకు సంబంధించినది. ఒకే రికార్డింగు కొన్నేళ్ల తరువాత వేరే లేబులు అంకెతో మళ్లీ రావచ్చు. ఒకే గాయకుడు అదే పాటను రెండోసారి పాడి ఉండవచ్చు. ఈ రెంటినీ విడదీసి చెప్పగలిగేది ఆ లోపలి అంకే. కాబట్టి రెండు పక్కలకూ వేర్వేరు పత్రాలు రాయాలి, రెండు అంకెలూ ఎక్కించాలి, లేబులు ఫొటో జతపరచాలి. రికార్డులను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టాలి. స్పిరిట్‌తో మాత్రం తుడవకూడదు, లక్క అందులో కరిగిపోతుంది.

సినిమా హాళ్ల దగ్గర అణాలకు అమ్మిన పాటల పుస్తకాలను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. కథాసంగ్రహం, తారాగణం, పాటలు, అట్ట మీద ప్రెస్సు పేరు అన్నీ వాటిలో దొరుకుతాయి. మూడు నిమిషాల రికార్డులో ఇమడక వదిలేసిన చరణం పుస్తకంలో మిగిలి ఉండవచ్చు. నాసిరకం కాగితం కనుక వాటికే ముందుగా ప్రమాదం.

రికార్డుకు ఎక్కని పాట ఇంతకంటే విస్తారమైనది. రాత్రంతా సాగే జముకుల కథ, ఆడుతూ పాడే తప్పెటగుళ్లు మూడు నిమిషాల పళ్లెంలో పట్టేవి కావు. గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారి స్వాతంత్ర్యోద్యమ గీతం నోటి నుంచి నోటికి తెలుగునాడంతా పాకింది. పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారి పాటలు సభల్లోనూ, ఊరేగింపుల్లోనూ బతికాయి. ఇప్పుడు మన పల్లెపాటలను యూట్యూబులో లక్షల మంది వింటున్నారు, సంతోషమే. కానీ ‘జానపదం’ అన్న ఒక్క మాట పెట్టేసరికి ఆ పాటను ఏ ఊళ్లో ఎవరు పాడగా నేర్చుకున్నారో చెరిగిపోతోంది. అన్యాయం అక్కడే జరుగుతోంది. రికార్డు చేసేవారు పాడిన మనిషి పేరు, ఊరు, తేదీ, ఆ మనిషి అనుమతి రాసుకుని తీరాలి. 2022లో జిల్లాలు విడిపోయి సాలూరు, పార్వతీపురం రెండూ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి కాబట్టి అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయడం మంచిది.

చట్టం అడ్డు వస్తుందని వెనుకాడేవారికి ఒక మాట. మన దేశంలో సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు వారి మరణానంతరం 60 ఏళ్ల దాకా విడిగా కొనసాగుతాయి. పాట వినిపించడానికి ఈ లెక్క చూసుకోవాలి గానీ, ఫలానా రికార్డు ఉంది అని జాబితా రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

కనుక భవనం కోసం, నిధుల కోసం ఆగకుండా జాబితాతో మొదలుపెట్టాలని జిల్లా గ్రంథాలయ సంస్థలనూ, సంగీత కళాశాల అధ్యాపకులనూ, తెలుగు శాఖలున్న కళాశాలలనూ కోరుతున్నాను. వేసవి సెలవుల్లో విద్యార్థులు తమ వీధిలోని ఇళ్లలో ఉన్న రికార్డులు, పాటల పుస్తకాలు నమోదు చేసినా చాలు. సామాను యజమాని ఇంట్లోనే ఉండవచ్చు, వివరాలు మాత్రం గ్రంథాలయానికి చేరాలి. అటక దులిపే ఇళ్లవారు వాటిని తూకానికి వేసేముందు లేబుళ్లను ఒక్కసారి ఫోనుతో ఫొటో తీసి ఉంచాలి. మీ పత్రిక జిల్లా పేజీలో వారానికొక పాత రికార్డు లేబులో, పాటల పుస్తకం అట్టో ప్రచురించి, దాని గురించి తెలిసినవారిని రాయమని అడిగితే ఈ పని ఊరూరా త్వరగా అందుకుంటుందని నా విజ్ఞప్తి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం