బావా, ఈసారి బారువ రా

శ్రీకాకుళం,
మార్చి 3.

ఒరే బావా,

నీ ఫోను వచ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. బీపీ మాత్రలు మొదలుపెట్టావని, రాత్రి రెండు దాటినా కునుకు పట్టడం లేదని చెప్పి, వెంటనే "అదేం లేదులేరా, మామూలే" అన్నావు చూడు, ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. నలభై రెండేళ్లకి ఇది మామూలేమిట్రా? నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లి రమ్మన్నారు డాక్టరు గారు, కూర్గులో రిసార్టు చూస్తున్నాను, ఏమంటావ్ అని అడిగావు. నేను నసిగాను. దానికి కారణం ఉంది. సరిగ్గా వారం ముందే మేం సోంపేట దగ్గర సముద్రపు ఒడ్డునున్న బారువ వెళ్లి మూడు రాత్రులు ఉండి వచ్చాం. అదంతా ఫోన్లో చెబితే నువ్వు ల్యాప్‌టాప్ చూసుకుంటూ ఊ కొడతావు. అందుకే కాగితం తీశాను. తీరిగ్గా చదువు.

కూర్గు బాగోదని నేను అనను. కానీ నీకిప్పుడు కావాల్సింది నిద్ర. హైదరాబాదు నుంచి బెంగళూరు, అక్కడి నుంచి మళ్లీ ఆరేడు గంటలు కారు, చూడాల్సినవాటి లిస్టు, పిల్లల హడావుడి. ఉన్న నాలుగు రోజులూ దారిలోనే పోతాయి. పోయినేడు మేం చేసిన పొరపాటు అదే. పెళ్లిరోజని పెద్ద రిసార్టొకటి చూసి బుక్ చేశాను. పేరెందుకులే. గది బాగుంది, ఈతకొలను బాగుంది. కానీ ఆ రాత్రి లాన్‌లో ఎవరిదో సంగీత్. పదకొండున్నర దాకా డీజే పెట్టెలు గుండెల మీద బాదాయి. చెట్లన్నిటికీ సీరియల్ లైట్లు. అమ్మ మంచం మీద కూర్చుని, "ఇంటికి పోదాం రా నాయనా, మన వీధిలోనే నయం" అంది. పొద్దున్నే టిఫిను దగ్గర ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. డబ్బు పోతే పోయింది, అమ్మ మొహం చూడలేకపోయాను.

అందుకే ఈసారి వెళ్లేముందు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగాను: "రాత్రి మైకు పెడతారా?" అవతలాయన నవ్వలేదు. "మైకు సంగతి అలా ఉంచండి బాబూ, ఎనిమిది దాటితే సముద్రం వైపు లైటు కూడా వెయ్యం. అది మీకు ఇబ్బందైతే ముందే చెప్పండి" అన్నాడు. అక్కడే ఖాయం చేసేశాను. లైట్లు ఎందుకు వెయ్యరో తర్వాత రాస్తాను, ఈ ఉత్తరంలో అసలు సంగతి అదే.

పలాస దాటి సోంపేట వైపు హైవే దిగగానే ఉద్దానం, ఆ కొబ్బరి, జీడి తోటల సీమ, మొదలవుతుంది కదా. చిన్నప్పుడు మనం ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకి వచ్చినప్పుడు చూసిన ఉద్దానం ఇంకా నా కళ్లలోనే ఉంది. ఎండ నేల మీద పడేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చాక నేను అటు వెళ్లలేకపోయాను. బంధువుల తోటలు పడిపోయాయని విన్నాను, చూసే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు చూస్తే మళ్లీ పచ్చబడింది బావా! పాత చెట్లు ఇంకా అక్కడక్కడా తల విరిగి నిలబడే ఉన్నాయి గానీ, వాటి మధ్య కొత్త కొబ్బరి మొక్కలు నా తలకి రెండింతలు ఎదిగాయి. జీడి తోటలు పూత మీద ఉన్నాయి. కారు అద్దం దించగానే ఆ తియ్యటి ఘాటు వాసన లోపలికి వచ్చింది. వెనక సీట్లో అమ్మ "జీడిపూత" అని ఒక్క మాట అని కళ్లు మూసుకుంది. అక్కడి నుంచి ఊరు చేరేదాకా నిద్రే.

మేం దిగిన చోటు మొత్తం ఆరు గదులు. కొబ్బరి తోట మధ్యలో, సరుగుడు చెట్ల అవతల సముద్రం. దాని యజమాని, నేను ఫోన్లో మాట్లాడినాయనే, మిలటరీలో చేసి రిటైరయ్యాడు. తిత్లీకి తోటంతా పోతే, పడిన చెట్లనే కోయించి స్తంభాలుగా, దూలాలుగా నిలబెట్టి ఈ గదులు కట్టాడు. వరండా స్తంభం మీద చెయ్యి వేస్తే గరుకుగా, చీలికలు చీలికలుగా నార తగులుతుంది. ఆ చెట్టుకి కాసిన కాయలు తాను తిన్నానని చెప్పి, ఆ స్తంభాన్ని అలాగే తట్టాడు. ఏసీ ఉంది గానీ మేం వెయ్యలేదు. టీవీ లేదు. చిన్నది ముందు మొహం ముడుచుకుంది, సాయంత్రానికి నుయ్యి దగ్గర తాబేలు పిల్ల కనిపించేసరికి అన్నీ మరిచిపోయింది. (అది మంచినీటి తాబేలు. సముద్రపు తాబేలు కథ వేరే.)

మొదటిరోజు ఏమీ చెయ్యలేదు. నిజంగానే ఏమీ చెయ్యలేదు. భోజనం, నులక మంచం, నిద్ర. కొబ్బరాకులకి గాలి తగిలితే సన్నటి వాన పడుతున్నట్టే ఉంటుంది. రెండుసార్లు లేచి బట్టలు తడుస్తాయేమోనని చూశాను కూడా. సరుగుడు తోటది ఇంకో రకం, ఒకటే ఊళ. దాని వెనక సముద్రం. ఆ మూడూ కలిసి మోగుతుంటే ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. తొమ్మిది గంటలు పడుకున్నానురా. చివరిసారి అలా ఎప్పుడు పడుకున్నానో గుర్తులేదు. నీ గురించి అనుకున్నది అప్పుడే.

పొద్దున్నే వంటావిడ పచ్చి జీడిగింజలు కోస్తోంది. నువ్వెప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? అరచేతులకి, వేళ్ల సందులకి కొబ్బరినూనె బాగా పట్టించింది. పచ్చి జీడిగింజ పెంకులో సొన ఉంటుంది, చర్మానికి తగిలితే కాలి బొబ్బలెక్కుతుంది. కత్తిపీట మీద గింజని నిలువుగా రెండు చేసి, సన్నటి పుల్లతో లోపలి పప్పుని ఒక్క విసురుతో తీసి నీళ్ల గిన్నెలో వేస్తోంది. పప్పు తెల్లగా, మెత్తగా, బాదం పాలలా ఉంది. మీ చెల్లెలు తానూ చేస్తానని కూర్చుంది. పది గింజలు కొయ్యడానికి అరగంట పట్టింది, వేలి చివర గోధుమరంగు మచ్చ పడింది. ఇప్పటికీ పోలేదు. "పలాస పప్పు కిలో ఇంతా అని బేరమాడతాం గానీ" అని నాతో అంది ఆ రాత్రి. మధ్యాహ్నం ఆ పప్పుతోనే కూర, పక్కన కానగంతల పులుసు. పొద్దుట అయితే చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ. అమ్మ రెండు గ్లాసులు తాగింది.

ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొచ్చి నువ్వు నీళ్ల గురించి అడుగుతావని తెలుసు, నేనూ అడిగాను. హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాలేసి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. వాళ్లు తాగడానికి, వండడానికి అవే వాడుతున్నారు. అయినా నీ బీపీ సంగతి ఉంది కాబట్టి మాత్రలు, డాక్టరు కాగితం దగ్గర పెట్టుకునే రా.

రెండోరోజు తెల్లవారుజామున ఆయన మమ్మల్ని మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటుకి తీసుకెళ్లాడు. మంచు తెరలు తెరలుగా ఉంది. ఆకాశం తేటగా ఉంటే వెనక్కి తిరిగి చూస్తే మహేంద్రగిరి కనిపిస్తుంది. 1,501 మీటర్ల కొండ, ఒడిశా వైపు. ఆ కొండల్లో పుట్టింది కాబట్టే మహేంద్రతనయ అట! ఇన్నేళ్లు ఆ పేరు పలుకుతూ, అర్థం ఎప్పుడూ ఆలోచించలేదు నేను. కొండ కూతురు ఆ కొండ కళ్లెదుటే సముద్రంలో కలుస్తోంది. అమ్మ చెప్పులు విడిచి, నీళ్లు మూడుసార్లు నెత్తి మీద చల్లుకుంది. వలలు లాగుతున్నవాళ్లు తెలుగులో ఒక మాట, ఒడియాలో ఒక మాట కలిపి కేకలేసుకుంటున్నారు. మేం చాలాసేపు అక్కడే ఇసకలో కూర్చుండిపోయాం.

ఇక లైట్ల సంగతి.

ఆ రాత్రి పదింటికి ఆయన వచ్చి తలుపు మెల్లగా తట్టాడు. "చప్పుడు చెయ్యకుండా రండి, ఫోన్లు లోపల పెట్టి రండి" అన్నాడు. అటవీ శాఖ తరఫున ఒడ్డున కాపలా తిరిగే కుర్రాడొకడు ఎర్రకాగితం చుట్టిన టార్చితో ముందు నడిచాడు. ఇసక మీద ట్రాక్టరు టైరు వెళ్లినట్టు గుర్తులు, నీళ్లలోంచి పైకి. ఆ గుర్తుల చివర ఆలివ్ రిడ్లే తాబేలు. రెండడుగుల డిప్ప, నలభై కిలోల దాకా ఉంటుందట. మేం వెనకవైపు దూరంగా కూర్చున్నాం. వెనక కాళ్లతో ఒకటి మార్చి ఒకటి ఇసక తోడుతోంది. ఆ కాళ్లు చేతుల్లా వంకర తిరిగి, గుప్పెడు ఇసక పట్టుకుని, పక్కకి విసురుతున్నాయి. గొయ్యి కుండ ఆకారంలో వచ్చింది, అడుగున్నర లోతు. తర్వాత గుడ్లు. పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా, రెండు మూడేసి చొప్పున జారిపడుతున్నాయి. కంటి నుంచి నీరు కారుతోంది. ఒంట్లో ఉప్పు బయటికి పోవడానికి అలా కారుతుందని ఆ కుర్రాడు చెప్పాడు. మీ చెల్లెలు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు కాన్పులు పడిన మనిషి, ఆమెకి ఏమనిపించిందో నేను అడగలేదు. అంతా అయ్యాక ఇసక పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఆ చోటు దిమ్మిస కొట్టినట్టు కొట్టి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోయింది.

నూట ముప్ఫై రెండు గుడ్లు. కుక్కలు, నక్కలు తవ్వేస్తాయని ఆ కుర్రాడు వాటిని బుట్టలోకి తీసి, హేచరీకి, అంటే గుడ్లని కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటుకి, తీసుకెళ్లి, అదే లోతులో మళ్లీ పాతి, పక్కన కర్రకి తేదీ రాసి గుచ్చాడు: ఫిబ్రవరి 21. నలభై అయిదు నుంచి యాభై అయిదు రోజుల్లో పిల్లలవుతాయి. ఇసక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయట. బయటికి వచ్చిన పిల్ల ఎటు వెలుతురుంటే అటు పాకుతుంది. చీకట్లో అన్నిటికన్నా వెలుగ్గా కనిపించేది సముద్రం మీది ఆకాశమే, అందుకే నీళ్లలోకి వెళ్తుంది. ఒడ్డున రిసార్టు లైట్లుంటే దారి తప్పి అటొచ్చి, తెల్లారేసరికి ఎండకి మాడిపోతుంది. ఆయన ఎనిమిదింటికి లైట్లు ఆపేది అందుకు. "గెస్టులు కొందరు గొడవ పడతారు బాబూ, చీకటంటే భయమని. అలాంటివాళ్లకి వేరే చోటు చూపించి పంపేస్తాను" అన్నాడు. నష్టపోయినా సరే అనుకునే మనిషి. అలాంటివాడి గదిలో మనం డబ్బు కట్టి పడుకోవాలిరా బావా. మనకి నిద్ర పట్టించిన చీకటి ఆ తాబేళ్ల కోసం కాచిన చీకటే.

తిరుగుదారిలో శాలిహుండం ఎక్కాం. గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాలు. కొండ మీద నిలబడితే కింద వంశధార వంపు, దూరంగా కళింగపట్నం వైపు సముద్రం. భిక్షువులు వానాకాలం మూడు నెలలు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండిపోయేవాళ్లు కదా, వర్షావాసమని. ఆ ఇటుక గదుల మధ్య కూర్చుంటే, చోటు ఎంచుకోవడం వాళ్లకి తెలిసినట్టు మనకి తెలీదనిపించింది.

ఇంకో మాట. మన జిల్లావాళ్లం బయటికి వెళ్లడానికే పుట్టినట్టు బతికాం. 193 కిలోమీటర్ల తీరం ఉంది మనకి, రాష్ట్రంలో ఏ జిల్లాకీ అప్పట్లో అంత లేదని సోషల్ మాస్టారు చెప్పేవారు. అయినా మనలో సగంమంది వేరే ఊళ్ల రేవుల్లో కూలికి పోయారు. నువ్వు ట్రంకుపెట్టెతో ఆమదాలవలసలో రైలెక్కిన రోజు మీ అమ్మగారి పక్కన నేనే నిలబడ్డాను. అప్పటి నుంచి నువ్వు ఇక్కడికి వచ్చేది పెళ్లికి, చావుకి, పొలం కాగితాలకి. వచ్చిన ప్రతిసారీ వాచీ చూసుకుంటావు. ఇక్కడ హాయిగా పడుకోవడానికి ఒక్కసారి కూడా రాలేదు. నేను ఇక్కడే ఉండి కూడా మొన్నే మొదటిసారి ఈ నేల మీద అతిథిగా ఉన్నాను. ఎంత బాగుందో చెప్పలేను.

మీ ఆవిడ పుట్టింటివాళ్లకి బారువ దూరమనుకుంటే విజయనగరం వైపు తాటిపూడి ఉంది. గోస్తనీ మీది రిజర్వాయరు, చుట్టూ కొండలు, పొద్దున్నే నీళ్ల మీద పొగమంచు. చోటు మంచిదే. కానీ నా మాట వింటే ముందు బారువ రా.

లెక్క వేశాను చూడు. ఫిబ్రవరి 21 గుడ్లు ఏప్రిల్ 7 నుంచి 17 లోపు ఎప్పుడైనా పిల్లలవ్వచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, చేపలు తగ్గుతాయి. కాబట్టి 10న రాత్రికి బారువలో ఉండేలా బయల్దేరితే పులుసూ దొరుకుతుంది, నాలుగైదు రోజులుంటే పిల్లల్ని సముద్రంలోకి వదలడం కూడా చూడొచ్చేమో. ఫలక్‌నుమా ఎక్కి పలాసలో దిగు, స్టేషన్‌కి నేను కారు తెస్తాను. పక్కపక్క గదులు రెండు మనకి ఉంచమని ఆయనకి చెప్పేశాను, అడ్వాన్సు కూడా ఇచ్చాను. ల్యాప్‌టాప్ తేకు. పిల్లలకి పాత చెప్పులు, నీకు లుంగీ, అంతే. మీ అమ్మగారిని తప్పకుండా తీసుకురా, మా అమ్మ ఇప్పటి నుంచే తేగలు దాచింది, అప్పటిదాకా ఉంటాయో లేదో గానీ.

ఆదివారంలోగా ఫోన్ చెయ్యి. "చూద్దాంరా" అనకు.

నీ పక్క బెంచీ వాడు