డబ్బు కట్ అయింది, లాగిన్ పోయింది: తప్పు నెట్‌ది కాదు

సంపాదకులు గారికి,

మొన్న మీ జిల్లా పేజీలో ఆన్‌లైన్ ఫీజుల తిప్పల గురించి వార్త వేశారు. డబ్బు ఖాతాలో కట్ అవుతోంది, బ్యాంకు పేజీ నుంచి తిరిగి రాగానే ‘సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి’ అంటోంది, లాగిన్ అయి చూస్తే ఫీజు కట్టలేదని చూపిస్తోంది. జనం గోడు బాగానే రాశారు గానీ, ‘సర్వర్ మీద లోడు, నెట్ స్లో’ అన్న అధికారుల జవాబుని అలాగే అచ్చేసి, పక్కన బాక్సులో ‘కుకీలు క్లియర్ చేసి మళ్లీ ప్రయత్నించండి’ అని సలహా కూడా ఇచ్చారు. వెబ్‌సైట్లు రాయడమే నా పని కాబట్టి చెప్తున్నా, ఇలాంటి కేసుల్లో చాలాసార్లు దోషం నెట్‌ది కాదు, కుకీని సరిగ్గా చూసుకోని సైటుది.

మనం నొక్కే ప్రతి క్లిక్కూ సర్వర్‌కి కొత్త మనిషి నుంచి వచ్చినట్టే. అందుకని లాగిన్ అవగానే సర్వర్ ‘సెట్-కుకీ’ అనే హెడర్‌లో (పేజీతో పాటు బ్రౌజర్‌కి వెళ్లే, మనకి కనపడని చీటీ లాంటిది) ఒక పొడుగాటి నంబరు పంపిస్తుంది, గుడి దగ్గర చెప్పుల స్టాండులో టోకెన్ ఇచ్చినట్టు. అదే కుకీ. ఆ తర్వాత ప్రతి రిక్వెస్ట్‌తోనూ బ్రౌజర్ ఆ నంబరుని తిరిగి చూపిస్తూ ఉంటుంది. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లీ దీన్ని తయారుచేసింది కూడా ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఎవరు ఏం ఏరుకున్నారో గుర్తుండటానికే. వైరస్ ఏమీ కాదు. తర్వాత ప్రకటనల కంపెనీలు దాన్ని ఎలా వాడుకున్నాయన్నది వేరే కథ.

2020 ఫిబ్రవరిలో తన క్రోమ్ బ్రౌజర్ 80వ వెర్షన్ నుంచి గూగుల్ ఒక రూలు మార్చడం మొదలుపెట్టింది. వేరే సైటు నుంచి వచ్చేటప్పుడు కుకీ వెళ్లాలా వద్దా అని చెప్పే గుర్తు ఒకటుంది, పేరు ‘సేమ్‌సైట్’. సైటు తన కుకీకి అదేంటో రాయకపోతే క్రోమ్ దాన్ని ‘లాక్స్’ (కొంత సడలింపు) కింద లెక్కేస్తుంది. అంటే వేరే సైటులో మామూలు లింకు నొక్కి వస్తే కుకీ వెళ్తుంది, వేరే సైటు నుంచి ఫారం పోస్ట్ అయి (నింపిన వివరాలు పంపే పద్ధతి) వస్తే వెళ్లదు. ఉద్దేశం మంచిదే, ఎవడో మోసగాడు తన పేజీలో దొంగ ఫారం పెట్టి మన లాగిన్ మీద మనకి తెలీకుండా పని కానిచ్చుకోకూడదని. కానీ చాలా పేమెంట్ గేట్‌వేలు (సైటుకీ బ్యాంకుకీ మధ్య చెల్లింపు నడిపించేవి) ఫలితాన్ని సైటుకి తిప్పి పంపేది సరిగ్గా ఇలాంటి పోస్ట్ ఫారంతోనే. కుకీ లేకుండా రిక్వెస్ట్ వస్తుంది, సైటు ఎవరో కొత్తవాళ్లు అనుకుని కొత్త సెషన్ మొదలుపెట్టి కొత్త నంబరు ఇచ్చేస్తుంది, దాంతో బ్రౌజర్లో ఉన్న పాత నంబరు చెరిగిపోతుంది. డబ్బూ పోయింది, లాగినూ పోయింది.

ఇందులో ఇంకో తమాషా. పాత సైట్లు ఒక్కసారిగా ఆగిపోకుండా క్రోమ్ ఓ వెసులుబాటు ఇచ్చింది: సేమ్‌సైట్ రాయని కుకీ పుట్టి 2 నిమిషాలు దాటకపోతే అలాంటి పోస్ట్‌తో కూడా వెళ్లనిస్తుంది. ఆఫీసులో టెస్ట్ కార్డుతో చకచకా కట్టేసి చూసే డెవలపర్‌కి అంతా బాగానే కనిపిస్తుంది. అదే ఊళ్లో ఓ తండ్రి కార్డు నంబరు రెండుసార్లు సరిచూసుకుని, ఓటీపీ వచ్చే ఫోను పొలంలో ఉన్న కొడుకు దగ్గరుంటే వేరే ఫోన్‌తో కనుక్కుని కొట్టేసరికి ఆ 2 నిమిషాలు ఎప్పుడో దాటిపోతాయి. ‘మా దగ్గర పనిచేస్తోందండీ’ అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

సైటు సరిగ్గా పనిచేస్తోందా అని చూడటానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో టెస్టులు రాసేవాళ్లూ ఇక్కడే బోల్తా పడతారు. అందులో సైట్లకి రిక్వెస్ట్‌లు పంపే ‘రిక్వెస్ట్స్’ లైబ్రరీతో విడివిడిగా గెట్ (పేజీ అడగడం), పోస్ట్ కొడితే కుకీలు ఒకదాన్నుంచి ఇంకోదానికి అందవు, ‘సెషన్’ ఆబ్జెక్ట్ వాడాలి, ఇంతవరకు కోచింగ్ సెంటర్లలో కూడా చెప్తారు. చెప్పనిది ఏంటంటే ఆ సెషన్‌కి సేమ్‌సైట్ సంగతి పట్టదు, కుకీని ఎప్పుడూ అంటించే పంపేస్తుంది. టెస్టులన్నీ పాస్, జనం ఫెయిల్. సెలీనియం లాంటిదానితో నిజం బ్రౌజర్ని నడిపించి, బ్యాంకు పేజీ దగ్గర కావాలని 3 నిమిషాలు ఆగి చూస్తే గానీ ఇది బయటపడదు.

బాగుచేయడం మరీ కష్టమేమీ కాదు. కొందరు కుకీకి ‘సేమ్‌సైట్=నన్, సెక్యూర్’ (ఏ సైటు నుంచి వచ్చినా వెళ్లు, కానీ సురక్షిత కనెక్షన్ మీదే) అని రాసేసి చేతులు దులుపుకుంటారు, లాగిన్ నిలబడుతుంది గానీ ప్రతి ఫారానికీ విడిగా ఓ రహస్య టోకెన్ (కుకీ కాకుండా ఇంకో నంబరు) పెట్టకపోతే దొంగ ఫారాల బెడద మళ్లీ మొదటికొస్తుంది. అసలు డబ్బు ముట్టిందా లేదా అన్నది కుకీని చూసి తేల్చకూడదు. గేట్‌వే పంపిన డిజిటల్ సంతకం సరిచూసి, ఆర్డర్ నంబరుతో దరఖాస్తుని వెతికి, కట్టారని రాసుకుని, ఆ పేజీలో కొత్త సెషన్ తెరవకుండా మామూలు గెట్ పేజీకి మళ్లిస్తే పాత కుకీ దానంతటదే వస్తుంది. మధ్యలో కరెంటు పోయి బ్రౌజర్ మూతపడ్డా ఇబ్బంది లేకుండా, గేట్‌వే నుంచి సర్వర్‌కే నేరుగా కబురు అందే ఏర్పాటు కూడా ఉంటుంది, దాన్ని వాడుకోవాలి అంతే.

ఇక మీ బాక్సు సంగతి. డబ్బు కట్ అయినవాళ్లు కుకీలు క్లియర్ చేసి మళ్లీ కడితే రెండోసారి కూడా కట్ అవుతుంది, ఆ తర్వాత రీఫండ్ కోసం తిరగడం ఇంకో టెన్షన్. దయచేసి ఆ సలహా తీసేసి, ట్రాన్సాక్షన్ నంబరు రాసి పెట్టుకోండి, స్టేటస్ చూడకుండా రెండోసారి కట్టొద్దు అని వేయండి. అధికారులు మళ్లీ ‘సర్వర్ లోడు’ అంటే మీ విలేకరి ఒక్కటి అడగాలి, ఎవరూ లేని అర్ధరాత్రి పూట కూడా ఓటీపీ ఆలస్యమైనవాళ్ల లాగినే ఎందుకు పోతోందని.

ఒక వెబ్ డెవలపర్,
హైదరాబాద్