సైజు పెంచితే వెడల్పు రాదు

సంపాదకులకు,

అయ్యా,

వేసవి శిబిరాలు మొదలయ్యేసరికి జిల్లా పేజీల్లో స్కేటింగ్ పిల్లల ఫొటోలు వస్తాయి. హెల్మెట్లు, మోకాళ్ల ప్యాడ్లు, మెడలో పతకాలు అన్నీ కనిపిస్తాయి. కనిపించనిది బూటు లోపలి పాదం. కాకినాడలోనో భీమవరంలోనో సాయంత్రం పూట పిల్లలు చక్రాల బూట్ల మీద హాకీ ఆడేచోట పావుగంట నిలబడి చూడండి. ఆట మధ్యలో గట్టుమీద కూర్చుని, లేసులు విప్పేసి, పాదం పిసుక్కునే పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటే: "కొత్త కదా, నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది." ఇన్‌లైన్ హాకీ (చక్రాలు ఒకే వరసలో ఉండే బూట్లతో), రోలర్ హాకీ (ముందు రెండు, వెనక రెండు చక్రాలుండే బూట్లతో) నేర్పే వాళ్లుగా మేము ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట చాలాసార్లు తప్పని చెప్పడానికే. కొత్త బూటు నొప్పి ఒకటుంది. అది నాలుగైదు ఆటల్లో తగ్గుతుంది. సరిపోని బూటు నొప్పి వేరు. అది తగ్గదు, పిల్లాడే ఆట మానేస్తాడు.

తప్పు కొనేచోటే మొదలవుతుంది. మన పిల్లలు ఇంట్లో ఉత్తికాళ్లతో, బయట చెప్పులతో పెరుగుతారు. అలా పెరిగిన పాదం వేళ్ల మొదట్లో బాగా విప్పారి ఉంటుంది, మడమ మాత్రం సన్నగానే ఉంటుంది. హాకీ బూట్లలో పేరున్న బావర్, సీసీఎం కంపెనీలు ఉత్తర అమెరికావి. వాటి మామూలు వెడల్పు అచ్చులో మన కాలు పెడితే ముందు పట్టేసేది చిటికెన వేలి మొదలు. "నొక్కుతోంది నాన్నా" అనగానే ఒక సైజు పెద్దది తెమ్మంటారు. "ఎదిగే కాలు, రెండేళ్లు వస్తాయి" అన్న లెక్క కూడా అందులో కలుస్తుంది. కానీ ఒక సైజు పెరిగితే పొడవు దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెడల్పు పెరిగేది అందులో నాలుగో వంతుకు అటూఇటూగా. అంటే వేళ్ల దగ్గర ఇరుకు ఇరుకుగానే ఉంటుంది, మడమ దగ్గర మాత్రం బూటు వదులైపోతుంది.

ఆ వదులు చేసే పని చూడండి. అడుగు తోసినప్పుడల్లా మడమ పైకి లేచి వెనక గోడకు రాసుకుంటుంది, బొబ్బ వస్తుంది. ఆగాలని బ్రేకు వేసినప్పుడు పాదం ముందుకు జారి బొటనవేలు బూటు ముందుండే గట్టి టోపీకి గుద్దుకుంటుంది, గోరు నల్లబడుతుంది. జారకుండా ఉండాలని పిల్లాడు తనకు తెలియకుండానే వేళ్లు ముడుచుకుని బూటు అడుగును పట్టుకుంటాడు, అరికాలు పట్టేస్తుంది. ఇదంతా చూసి తండ్రి లేసులు ఇంకా బిగిస్తాడు, పాదం పైన తిమ్మిరెక్కుతుంది. నాలుగు నొప్పులకూ నాలుగు మందులు వెతుకుతారు గానీ మూలం ఒక్కటే, పొడవుతో వెడల్పు కొనాలనుకోవడం.

వెడల్పుకు వేరే గుర్తు ఉంటుంది, దాన్ని అడిగి కొనాలి. పాత పద్ధతిలో ‘డి’ అంటే మామూలు, ‘ఈఈ’ అంటే వెడల్పాటిది. బావర్ ఇప్పుడు ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అంటోంది. ఒకటి సన్నం, మూడు వెడల్పూ లోతూ ఎక్కువ. సీసీఎం వాళ్లవి టేపర్డ్, రెగ్యులర్, వైడ్. మన పిల్లల్లో చాలామందికి చివరిదే సరిపోతుంది, అదే సైజులో.

నంబరు దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. "హాకీ స్కేటు మామూలు బూటు కంటే ఒకటి, ఒకటిన్నర నంబరు తక్కువ తీసుకోవాలి" అని ఎవరో చెబుతారు. మాట నిజమే, కానీ అది అమెరికా నంబరుకు చెప్పిన లెక్క. మన షాపుల్లో దొరికే బూట్ల మీద ఉండేది ఇంగ్లండు నంబరు. పెద్దవాళ్ల సైజుల్లో ఇంగ్లండు 5 అంటే అమెరికా 6. దాంట్లోంచి తీసేస్తే నాలుగున్నర, అయిదు. అదే మన 5 లోంచి ఒకటిన్నర తీసేస్తే మూడున్నర! వేళ్లు పూర్తిగా ముడుచుకుంటే తప్ప ఆ బూటులో కాలు పట్టదు. అందుకే నంబర్లు పక్కన పెట్టి మిల్లీమీటర్లలో కొలుచుకోవడం మేలు.

కొలిచేది సాయంత్రం. పొద్దుటి కంటే అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, ఆడేదీ అప్పుడే. గోడకు ఆనించి నేల మీద తెల్ల కాగితం పరచండి. ఆడేటప్పుడు తొడిగే మేజోడుతోనే మడమ గోడకు తగిలేలా నిలబెట్టండి. కూర్చోబెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది, బరువు పడ్డాకే పాదం సాగుతుంది. పెన్సిల్‌ను నిటారుగా పట్టుకుని అన్నిటికంటే పొడవైన వేలి దగ్గర గీత పెట్టండి. కొందరికి అది బొటనవేలు కాదు, రెండో వేలు. తర్వాత బొటనవేలి మొదటి ఎముక నుంచి చిటికెన వేలి మొదటి ఎముక దాకా వెడల్పు, దర్జీ టేపుతో అక్కడే చుట్టుకొలత. రెండు పాదాలూ కొలవాలి, పెద్దదాని లెక్క తీసుకోవాలి. ఈ మూడు అంకెలూ ఫోన్లో రాసుకుని షాపుకు వెళ్తే అమ్మేవాడు కూడా జాగ్రత్తగా మాట్లాడతాడు.

షాపులో చేయాల్సిన పరీక్షల్లో మాకు ఎక్కువ నమ్మకం ఉన్నది లోపలి అట్ట పరీక్ష. బూటులో పాదం కింద ఉండే అట్ట బయటకు లాగి, నేలమీద పెట్టి, పిల్లాణ్ణి దానిమీద నిలబెట్టండి. మడమను అట్ట వెనక గుంటలో సరిగ్గా కూర్చోబెట్టి పైనుంచి చూడండి. చిటికెన వేలి పక్కన కండ అట్ట దాటి పొర్లుతోందా? అయితే ఆ బూటు ఇరుకు, ఇక తొడిగి చూడనక్కర్లేదు. అట్ట దాటకుండా ముందు చోటు మిగిలితే తొడగండి. లేసులు కట్టకుండా వేళ్లను టోపీకి ఆనించి, మోకాళ్లు వంచితే, మడమ వెనక పెద్దవాళ్లకు ఒక పెన్సిల్, ఎదిగే పిల్లలకు మహా అయితే ఒక వేలు పట్టాలి. రెండు వేళ్లు పడితే వచ్చే ఏడాది బూటు కొంటున్నారన్నమాట. ఇప్పుడు మడమను నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి తోసి, లేసులు కట్టి నిలబెట్టండి. నిటారుగా ఉన్నప్పుడు వేళ్లు టోపీని ఈక తగిలినట్టు తాకాలి. మోకాలు వంచగానే వెనక్కి జరగాలి. లోతు చూడడానికి మళ్లీ లేసులు వదులు చేసి, వాటి కింద ఉండే బూటు నాలిక ముందుకు లాగి, పైనుంచి మూడో జత కన్నాల మీద పెన్సిల్ అడ్డంగా పెట్టండి. రెండు అంచుల మీదా అది సమంగా ఆనితే సరే. అంచులకు ఆనకముందే పాదానికి తగిలితే బూటు లోతు చాలదు, ఎంత వదులుగా లేసు కట్టినా పాదం పైన నొక్కుతుంది.

మొదటి ఏడాది పిల్లలకు కొనే సాగదీసే స్కేట్ల గురించి ఒక్క మాట. వాటిలో సాగేది పొడవే, వెడల్పు కాదు. నేర్చుకోవడానికి పనికొస్తాయి, హాకీకి కాదు.

బూటు సరైనదే అయినా లేసు తప్పు కడితే నొప్పి తప్పదు. కింది మూడు జతల కన్నాలు వదులుగా ఉండాలి, వేళ్లు కదలాలి. మధ్యలో ఓ మోస్తరు. చీలమండ వంగే చోట ఉన్న రెండు జతల దగ్గరే అసలు బిగువు. మడమను వెనక గుంటలో పట్టి ఉంచేది అదే. పై జత మళ్లీ కాస్త వదులు, లేకపోతే మోకాలు ముందుకు వంగదు. మిగిలిన లేసును చీలమండ చుట్టూ రెండు చుట్లు తిప్పి కట్టే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దాన్ని మానాలి. పరుగు మొదలవగానే ఆ చుట్టు కత్తిలా కోస్తుంది.

ఆట అయ్యాక బూటు విప్పి పాదం చూస్తే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. ఎర్రటి గుర్తులు పావుగంటలో మాయమైతే పట్టించుకోనక్కర్లేదు. గంటకు కూడా పోని గుర్తు ఎక్కడుందో అక్కడ బూటు నొక్కుతోంది. చీలమండ ముందు పక్క, పాదం వంగే మడత దగ్గర నరం మీద నొప్పి, ముట్టుకుంటే వేడి ఉంటే పై లేసు బిగువెక్కువ, లేదా బూటు నాలికలో స్పాంజి అణిగిపోయింది. నొప్పి ఉన్న చోట ఒక జత కన్నాలు వదిలేసి కట్టండి, నాలిక కింద పలుచటి జెల్ ప్యాడు పెట్టండి. అరికాలి ఒంపు దగ్గర, ఆట మొదలైన పది నిమిషాలకే పట్టేస్తే మధ్య లేసు వదలండి. అయినా తగ్గకపోతే లోపల ఉన్న పలుచటి అట్ట తీసేసి ఒంపుకు ఊతమిచ్చే గట్టి అట్ట వేయాలి. చదును పాదాల పిల్లలకు ఇది దాదాపు తప్పనిసరి. మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య మంట, తిమ్మిరి ఉంటే అది ఇరుకే, అట్టలతో పోదు.

చీలమండ ఎముక, చిటికెన వేలి మొదలు, లోపలి పక్క పొడుచుకొచ్చిన ఎముక, ఈ మూడు చోట్ల బూటు గుచ్చుకుంటే ఒక చిట్కా ఉంది. నొప్పి ఉన్న సరైన బిందువు మీద తడి తిలకం గానీ లిప్‌స్టిక్ గానీ పెట్టి, మేజోడు లేకుండా కాలు బూటులో దింపి తీయండి. లోపల ఎక్కడ మచ్చ పడితే అక్కడే పని. హాకీ సామాను అమ్మే పెద్ద షాపుల్లో ఆ చోటును గుండు, రింగు ఉన్న పట్టకారుతో బయటికి నొక్కుతారు. మన ఊళ్లలో అది దొరకడం కష్టం. తోలు బూటైతే చెప్పులు కుట్టే అతను అచ్చు దిమ్మ వేసి సాగదీయగలడు. గట్టి ప్లాస్టిక్కు అది కుదరదు. అప్పుడు హవాయి చెప్పు అట్టలాంటి రబ్బరు స్పాంజి ముక్క తెచ్చి, గారెలా మధ్యలో కన్నం కోసి, మచ్చ చుట్టూ అతికించండి. ఎముక ఆ కన్నంలో కూర్చుంటుంది, బరువు చుట్టూ పడుతుంది. నొప్పి ఉన్న చోటే దూది పెట్టడం అందరూ చేసే పొరపాటు. ఇరుకు చోట దూది పెడితే ఇంకా ఇరుకవుతుంది.

మంచి హాకీ బూట్లను వేడి చేసి పాదానికి అచ్చు పోయించుకోవచ్చు. దానికి ప్రత్యేకమైన ఓవెన్ ఉంటుంది, సుమారు 80 డిగ్రీల సెల్సియస్‌లో కొద్ది నిమిషాలు. మోడల్‌ను బట్టి టైము మారుతుంది. వేడి బూటు తొడిగాక లేసులను పక్కలకు లాగాలి, పైకి లాగితే కన్నాలు ఊడతాయి. పదీ పదిహేను నిమిషాలు నడవకుండా కూర్చోవాలి, ఒక రోజు ఆగి ఆడాలి. ఇదంతా వేడికి మెత్తబడేలా తయారైన బూట్లకే. ఆ సంగతి డబ్బా మీద ఉంటుంది. మండుటెండలో డాబా మీద పెట్టడం, వేడి నీళ్లు పోయడం, గ్యాసు పొయ్యి దగ్గర పట్టుకోవడం దీనికి బదులు కావు. జిగురు వదిలి అడుగు ఊడుతుంది.

మన గాలి తేమ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వరి నాట్లప్పుడు కాలి వేళ్ల సందులు ఎలా ఒరిసిపోతాయో డెల్టాలో అందరికీ తెలుసు. చెమట బూటులో జరిగేదీ అదే. స్కూలుకు వేసుకునే మందపాటి నూలు మేజోళ్లు చెమట పీల్చుకుని తడిగా పట్టి ఉంచుతాయి, తడి చర్మం తొందరగా లేస్తుంది. పలుచటి పాలిస్టర్ లేదా నైలాన్ మేజోడు ఒక్కటే చాలు. వదులు బూటుకు రెండు జతలు తొడగడం బొబ్బలను పిలవడమే. ఆట అవగానే అట్ట బయటికి తీయాలి, నాలిక ముందుకు లాగాలి, లోపల న్యూస్ పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద పెట్టాలి. గంట తర్వాత కాగితం మార్చాలి. సంచిలో మూసేసి తెల్లారి తీస్తే వాసనతో పాటు బేరింగుల తుప్పు కూడా పలకరిస్తుంది.

ఒక్కోసారి తప్పు బూటుది కాదు, చక్రాలది. ఇన్‌లైన్ చక్రాలు లోపలి అంచు ముందు అరుగుతాయి. అరిగిన కొద్దీ పాదం లోపలికి వాలి చీలమండ, అరికాలు నొప్పెడతాయి. నాలుగూ ఒకే సైజైతే ఒకటిని మూడుతో, రెండును నాలుగుతో మార్చి తిరగేసి బిగించాలి. ముందు రెండు చిన్నవి, వెనక రెండు పెద్దవి ఉన్న రకమైతే చిన్నవి చిన్నవాటితోనే, పెద్దవి పెద్దవాటితోనే మార్చాలి.

ఎనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు మడమ నొప్పి అంటే, మడమను రెండు పక్కల నుంచీ వేళ్లతో నొక్కి చూడండి. అరిస్తే అది ఎదిగే ఎముక దగ్గర వచ్చే నొప్పి కావచ్చు. బూటు మార్చి ఊరుకోకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి. బూటు విప్పి గంటైనా తిమ్మిరి పోకపోయినా, నల్లబడ్డ గోరు కింద చీము కనిపించినా అంతే.

శిబిరాలు నడిపే వాళ్లను, క్రీడల సామాను అమ్మే వాళ్లను మీ పత్రిక ద్వారా మేము అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి శిబిరంలో మొదటి రోజు ఆట బదులు పాదాల కొలతలు తీయండి. ఒక చెక్క పలక, దానిమీద మిల్లీమీటర్ల గీతలు, వెనక మడమ ఆనడానికి ఒక అడ్డు చాలు, ఏ వడ్రంగైనా చేసిపెడతాడు. చాలని బూట్లు ఇంట్లో అటక ఎక్కకుండా శిబిరంలోనే ఒక అలమరలో పెట్టించి, కొలత చీటీ కట్టి, చిన్న పిల్లలకు మార్పిడికి ఇవ్వండి. రెండేళ్లకని ఒకేసారి పెద్ద సైజు కొనే అవసరం అప్పుడు తల్లిదండ్రులకు ఉండదు. అమ్మేవాళ్లు నంబరు పక్కన వెడల్పు గుర్తు కూడా బిల్లు మీద రాస్తే, తప్పు జత వచ్చినప్పుడు మార్చుకోవడం తేలికవుతుంది.

ఇట్లు,
స్కేటింగ్ హాకీ శిక్షకులు కొందరు,
కాకినాడ.