పాత జీపులకు రెండో తనిఖీ ఉండాలి

సంపాదకుడు గారికి,

పాత జీపులను, ల్యాండ్ రోవర్లను విప్పి, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించే సరదా చాలామందికి ఉంది. మంచిదే. రెండో ప్రపంచ యుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపు, 1948లో వచ్చిన మొదటి తరం ల్యాండ్ రోవర్ తుక్కు కింద పోకుండా తిరుగుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నా అభ్యంతరం వాటిని రోడ్డు మీదికి వదిలే పద్ధతి మీదే. బండి కొత్త రంగుతో తళతళలాడుతూ తనిఖీకి వస్తుంది. లైట్లు వెలుగుతాయి, బ్రేకు పడుతుంది, సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఇక పని అయిపోయిందనుకుంటారు. అసలు తలనొప్పులు మొదలయ్యేది ఆ తర్వాతే.

విప్పి బిగించిన బండిలో చాలా లోపాలు నిలబెట్టి చూస్తే కనిపించవు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, వేడెక్కి, చల్లారి, గతుకుల్లో అదిరాక బయటపడతాయి. బ్రేకులే చూడండి. ఈ బళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, అంటే చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపేవి. కొత్త లైనింగు, అంటే అలా ఒత్తే పట్టీ, మొదట్లో డ్రమ్ముకు అక్కడక్కడే తగులుతుంది, కాస్త అరిగి కుదురుకునేదాకా పూర్తి పట్టు రాదు. కుదురుకున్నాక మధ్యలో ఖాళీ పెరుగుతుంది కాబట్టి మళ్లీ అడ్జస్ట్ చేయాలి. చేయకపోతే పెడల్ కిందికి దిగుతూ పోతుంది, ఒక చక్రం ముందు పట్టి బండి పక్కకు లాగుతుంది. పైగా ఆ కాలపు బళ్లలో చాలావాటికి బ్రేకు ఆయిల్ లైను ఒక్కటే. చక్రం దగ్గర ఆ పట్టీలను నెట్టే వీల్ సిలిండర్‌లో ఒక్కదాని రబ్బరు పోయి ఆయిల్ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. హ్యాండ్ బ్రేకు ఉంది కదా అంటారేమో, వీటిలో చాలావాటికి అది పనిచేసేది చక్రాల మీద కాదు, గేరుబాక్సు వెనక షాఫ్టు మీద. నిలబెట్టిన బండి కదలకుండా పట్టుకోవడానికి తప్ప వేగంగా పోతున్నప్పుడు దాన్ని నమ్ముకోలేం.

ఇక రంగు. అందరూ మెచ్చుకునేది దాన్నే, మొదట్లో ఇబ్బంది పెట్టేదీ అదే. వీల్ నట్టు కూర్చునే చోట రంగు మందంగా ఉంటే, ఎంత బిగించినా నట్టు రంగు మీద బిగిసినట్టే. తిరిగేకొద్దీ ఆ పొర నలిగి పొడవుతుంది, నట్టు వదులవుతుంది. కమాను కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులదీ ఇదే వరస. లైట్ల కరెంటును బండి బాడీకి కలిపే ఎర్తు వైరును రంగు మీదే బిగిస్తే ఇంకో తమాషా: బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే వెనక లైటు మినుకుమంటుంది. మనం ఆగుతున్నామో తిరుగుతున్నామో వెనక వచ్చేవాళ్లకు అర్థం కాదు. ఇలాంటప్పుడు వైరింగంతా మార్చేయాలని కంగారు పెట్టేవాళ్లు ఉంటారు. చాలాసార్లు ఆ చోట రంగు గీకేసి బోల్టు మళ్లీ బిగిస్తే సరిపోతుంది.

టైర్ల సంగతి మాత్రం మొదటి రోజే తేల్చవచ్చు. షెడ్డులో పడి ఉన్న టైరుకు గాడి నిండుగానే ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. పక్కగోడ మీద తేదీ అంకెలు చూడాలి. 1219 అని ఉంటే 2019లో 12వ వారంలో తయారైనట్టు. మూడు అంకెలే ఉంటే అది 2000కు ముందు టైరు, ఇక మాట్లాడుకోనక్కర్లేదు.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. ఇలా పూర్తిగా విప్పి కట్టిన బండికి మొదటి సర్టిఫికెట్‌ను తాత్కాలికంగా ఇవ్వాలి. అది ఉన్నన్నాళ్లూ వేగానికి పరిమితి పెట్టాలి, కిరాయికి మనుషులను ఎక్కించుకోనివ్వకూడదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక రెండో తనిఖీ జరగాలి. అదీ బండిని కాసేపు నడిపి, వేడి మీద ఉండగా. చక్రాల మధ్య ఉండే నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూస్తే ఏది మిగతావాటికన్నా కాలిపోతోందో తెలుస్తుంది. అక్కడ బ్రేకు పట్టేసి అయినా ఉండాలి, బేరింగు అతిగా బిగిసి అయినా ఉండాలి. బాగుచేసిన వర్క్‌షాపు కూడా ఏం మార్చింది, ఏవి పాతవే ఉంచింది, ఏ బోల్టులను ఎప్పుడు మళ్లీ బిగించాలి అన్నది రాసి ఇవ్వాలి. ఇప్పుడు యజమాని చేతికి వచ్చేది ఎక్కువగా ఫొటోలు, బిల్లులే.

బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్లు దాటిన బళ్లకు, పెద్ద మార్పులు చేయకపోతే, ఏటా జరిగే తనిఖీ తప్పనిసరి కాదు కదా అని కొందరు వాదించవచ్చు. అక్కడ కూడా బండిని రోడ్డుకు పనికొచ్చేలా ఉంచే బాధ్యత నుంచి యజమానిని ఎవరూ తప్పించలేదు. ఏళ్లుగా ఒకే చేతిలో నడుస్తున్న బండి వేరు, నిన్న ముక్కలుగా ఉండి ఇవాళ రోడ్డెక్కిన బండి వేరు. రెండో రకానికైనా ఈ రెండో తనిఖీని తప్పనిసరి చేయాలని రవాణా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు