యు స్ట్రీట్‌లోని ఆ మూడు భవనాలను మన పిల్లలకు చూపించండి

వాషింగ్టన్ డీసీ మేయర్ గారికి,

నమస్కారం. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఇక్కడి తెలుగువాళ్లం వాళ్లను వైట్‌హౌస్‌కి, లింకన్ మెమోరియల్‌కి తిప్పుతాం. ఈసారి మా నాన్నగారిని, నల్లజాతివాళ్ల చరిత్రకు పేరున్న యు స్ట్రీట్‌కి కూడా తీసుకెళ్లాను. ఆయన నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా చేసిన మనిషి.

12వ వీధి మూలన ట్రూ రిఫార్మర్ బిల్డింగ్ ముందు ఆగి, "ప్లాన్ ఎవరు గీశారురా?" అని అడిగారు. జాన్ ఎ. లాంక్‌ఫర్డ్ అని చెప్పాను. 1903లో పూర్తయింది. డబ్బు పెట్టిన ట్రూ రిఫార్మర్స్ సంఘం, గీసిన ఆర్కిటెక్ట్, కట్టిన పనివాళ్లు అందరూ నల్లజాతివాళ్లే. దేశంలో బానిసత్వం రద్దయి అప్పటికి 40 ఏళ్లు కూడా కాలేదు.

అక్కడికి దగ్గర్లోనే విలియం సిడ్నీ పిట్‌మన్ అనే నల్లజాతి ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన పాత వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) భవనం ఉంది. 1908లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ శంకుస్థాపన చేసినా తలుపులు తెరుచుకుంది 1912లో. 1982లో మూతపడి, 2000లో అమెరికా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి తర్‌గుడ్ మార్షల్ పేరుతో మళ్లీ తెరుచుకుంది.

13వ వీధిలో వైట్‌లా హోటల్ ఉంది. 1919 నాటిది, ఐజాయా హ్యాటన్ అనే నల్లజాతి ఆర్కిటెక్ట్ డిజైన్ చేసినది. ఊళ్లోని మంచి హోటళ్లు నల్లవాళ్లకు గది ఇవ్వని రోజులవి. అందుకే వాళ్లకే వాటాలు అమ్మి, ఆ డబ్బుతో కట్టించారు జాన్ వైట్‌లా లూయిస్. ఆయన ఒకప్పుడు కట్టడం పనుల్లో కూలీ. ఈ మాట చెప్పగానే మా నాన్నగారు వెళ్లి గోడను చేత్తో తడిమి చూశారు. 1981లో అగ్నిప్రమాదం జరిగినా నిలబడిన గోడ అది. ఇప్పుడందులో కుటుంబాలు కాపురముంటున్నాయి.

ఆ వీధుల్లో చరిత్ర చెప్పే బోర్డులున్నాయి, కాదనను. కానీ దారిన పోయేవాళ్లలో ఎందరు ఆగి చదువుతారు? నగరంలోని ప్రతి పబ్లిక్ స్కూల్ నుంచి పిల్లల్ని ఏడాదికి ఒక్కసారి ఇక్కడికి నడిపించండి. మూడు భవనాలూ చూడటానికి ఒక పూట చాలు. వైట్‌లాలో జనం ఉంటున్నారు కాబట్టి బయటి నుంచే చూపించవచ్చు. మిగతా రెండింటి యాజమాన్యాలతో మీరే మాట్లాడి, నెలకో శనివారం లోపలికి రానిచ్చే ఏర్పాటు చేయండి. పిల్లలకు భవనం పేరుతో పాటు దాన్ని గీసినవాళ్ల పేరూ చెప్పించండి.

మా నాన్నగారు నవంబరు చివర్లో ఊరికి వెళ్లిపోతారు. ఈలోపు మొదటి నడక పెడితే ఆయన్ని కూడా తీసుకొస్తాను.

ఇట్లు,
మీ నగరవాసి