తొమ్మిదో తరగతి 'జానల లెక్క' గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

గతవారం తొమ్మిదో తరగతి ఫిజిక్స్ హోంవర్కులో ఇచ్చిన ఒక లెక్క మీద మీ వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద చర్చే నడిచిందని తెలిసింది. కొందరు ఆఫీసుకు ఫోన్ చేశారు. ఒకరు డైరీలో అరపేజీ రాసి పంపారు. "ఒక ఆంగ్‌స్ట్రామ్ ఎన్ని జానలు?" అన్నదే ఆ ప్రశ్న. పరమాణువుల కొలతకీ జానకీ సంబంధమేమిటి, ఇది సిలబస్‌లో ఎక్కడుంది అని మీరు అడుగుతున్నారు. టీచర్ ఆ ప్రశ్నను ముందు నాకు చూపించే ఇచ్చారు. మళ్లీ చూపించినా ఇవ్వమనే అంటాను.

నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, మూడు బెత్తలు జానెడు, రెండు జానలు మూరెడు. లెక్క కోసం జానెడును తొమ్మిది ఇంచులుగా, అంటే 22.86 సెంటీమీటర్లుగా తీసుకోమన్నాం. మీటరును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఆంగ్‌స్ట్రామ్. రెండింటినీ మీటర్లలోకి మార్చి భాగిస్తే 4.37 × 10⁻¹⁰ జానలు వస్తుంది. తిరగేస్తే, జానెడులో 228 కోట్ల 60 లక్షల ఆంగ్‌స్ట్రామ్‌లు పడతాయి.

దిద్దడానికి వచ్చిన నోటుపుస్తకాల్లో చాలావాటిలో ఘాతం మీది మైనస్ గుర్తు లేదు. అందరిదీ ఒకే తప్పు, అదీ ఒకే వరసలో. ఆ జవాబు ప్రకారం ఆంగ్‌స్ట్రామ్ పొడవు కోటి కిలోమీటర్లు! సూర్యుడి వ్యాసమే దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. ఏడు సూర్యుళ్లను పక్కపక్కన పేర్చినంత పొడవు రాసి, కింద గీత గీసి, పిల్లలు నిశ్చింతగా పుస్తకం మూసేశారు. ఆ జవాబు ఏ గ్రూపులో తిరిగిందో నేను అడగను. పిల్లల మీద ప్రేమతోనే పంపారని నాకు తెలుసు. కానీ రాత్రి పదింటికి ఫోన్‌లో వచ్చిన జవాబును పిల్లవాడి చేత ఎక్కించడం, మరీ తొందరైతే మీరే రాసి ఇవ్వడం, దయచేసి మానండి. మీ చేతిరాత మా టీచర్లు గుర్తుపడతారు.

నా పట్టుదల ఎందుకో చెప్పనివ్వండి. పది మీద మైనస్ పది అని రాయడం పిల్లలకు వచ్చు. అదెంత చిన్నదో మాత్రం ఊహకు అందదు, ఎందుకంటే పక్కన పెట్టి పోల్చుకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు. చెయ్యి ఉంది కదా! బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా ఉన్న ఆ దూరం వాళ్ల సొంతం, పరీక్ష హాల్లోకి కూడా తీసుకెళ్లొచ్చు. కొలత అనేది పనిని బట్టి పుట్టింది. చేత్తో చేసే పనికి జాన, మూర సరిపోయాయి. స్వీడన్‌కు చెందిన ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1868లో సూర్యకాంతి వర్ణపటాన్ని ప్రచురించినప్పుడు తరంగదైర్ఘ్యాలకు మరీ చిన్న కొలత కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ కొలతకు ఆయన పేరే ఉంది. ఈ రెండు కొసల మధ్య ఉన్న దూరాన్ని తన చేత్తో లెక్కగట్టిన పిల్ల మైనస్ గుర్తును ఇక మరిచిపోదు. సిలబస్‌లో ఇంతకన్నా ముఖ్యమైనది ఏముందో నాకు తెలియదు.

ఒకమ్మాయి మేమిచ్చిన 22.86ను పక్కన పెట్టి తన జానను స్కేలుతో కొలుచుకుంది. 17 సెంటీమీటర్లు వచ్చింది. "నా జానలో అయితే 5.88 × 10⁻¹⁰" అని రాసి, చేతులు మారితే జవాబు మారుతుంది కాబట్టే మీటరు కావలసి వచ్చిందని కింద ఒక వాక్యం చేర్చింది. పూర్తి మార్కులు ఇచ్చాం. ఆ పేజీ నా బల్ల మీదే ఉంది, వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. ఇంకో అబ్బాయి గుర్రాల ఎత్తుకు వాడే 'హ్యాండ్' కొలతను, అంటే నాలుగు ఇంచులను పట్టుకుని, అందులో 192 కోట్ల బోర్ వ్యాసార్థాలు (బోర్ నమూనాలో హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్థం) పడతాయని తేల్చాడు. ఎవరూ అడగలేదు, తనంతట తనే చేశాడు! ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు జానెడు కాగితపు పట్టీని సగానికి సగం కత్తిరిస్తూ పోయారు. ఎనిమిదోసారికి ముక్క మిల్లీమీటరు కన్నా చిన్నదై కత్తెరకు దొరకలేదు. మిగతాది బోర్డు మీద చేశారు. ముప్ఫై ఒకటోసారికి 1.06 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది, దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువంత. స్టాఫ్ రూమంతా లేచి వెళ్లి ఆ బోర్డు చూసింది.

ఇకపోతే, బస్సు ఫారాలు శుక్రవారంలోగా ఇవ్వాలి, లైబ్రరీ పుస్తకాలు తిరిగి పంపాలి, తల్లిదండ్రుల సమావేశం వచ్చే శనివారం ఉదయం పది గంటలకు.

సోమవారం 8, 9 తరగతుల పిల్లలందరూ తమ జాన పొడవు సెంటీమీటర్లలో రాసుకుని రావాలి. దాంతో క్లాసులోనే మళ్లీ ఈ లెక్క చేయిస్తాం. కొలవాల్సింది పిల్లలే, మీరు స్కేలు కదలకుండా పట్టుకుంటే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు