దుప్పటి రెండో కొస

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు లేదని అలిగి ఉంటావు. ఈ నెలలో పదకొండు ప్రదర్శనలు వేశాం, ఊపిరాడలేదు. ఇవాళ ఒక్కరోజు ఖాళీ దొరికింది. అన్నీ చెప్పేస్తాను, తీరిగ్గా చదువుకో.

కొత్త నాటకం చివరికి ఎలా తయారైందని అడిగావు కదా. తల్లి పోయాక అన్నాచెల్లెళ్లు ఇల్లు ఖాళీ చేయడానికి వస్తారు, అంతే కథ. యాభై నిమిషాలు. నలుగురు నటులు, రెండు స్టూళ్లు, ఒక పెట్టె, ఒక దుప్పటి. ఒక్కరు కూర్చుని రాసింది కాదు. రిహార్సల్స్‌లో తలా ఒక ముక్క తెచ్చి, పోట్లాడుకుని, కుట్టుకున్నాం. సామానంతా కలిపినా వ్యాన్‌లో సగం కూడా నిండదు.

వేసేది కమ్యూనిటీ హాళ్లలో, లైబ్రరీ గదుల్లో, బడి వరండాల్లో. ఒకసారి వృద్ధాశ్రమం భోజనాల గదిలో వేశాం. ఎక్కడికెళ్లినా నేను చేసే మొదటి పని గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టడం. చప్పుడు గోడలకు తగిలి తిరిగొస్తుంటే డైలాగు వేగం తగ్గించుకోవాలి. కానీ ఖాళీ హాల్లో చూసుకున్న గొంతును పూర్తిగా నమ్మకూడదు. జనం వచ్చి కూర్చున్నాక మనుషులూ, వాళ్ల బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి, ప్రతిధ్వని చాలావరకు తగ్గిపోతుంది. ఇక ఫ్యాన్లు. ఆపితే జనానికి ఉక్కపోత, తిప్పితే మెల్లగా అన్న మాట రెండో వరుస దాటదు. చెల్లెలి పాత్ర వేసే అమ్మాయి చివరికి గుసగుసలన్నీ మానేసి, ఆ మాటల్నే ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది. నాకు అదే ఎక్కువ నచ్చింది. కుర్చీలు మూడు వైపులా వేస్తాం. నాలుగు వరుసలు దాటితే, నేల మీద కూర్చున్న నటుడు వెనకవాళ్లకు కనపడడు.

అసలు నీకు చెప్పాలనుకున్నది లైట్ల సంగతి. మొదట్లో పాత వెయ్యి వాట్ల లైట్లు రెండు మోసుకెళ్లేవాళ్లం. 230 వోల్టుల దగ్గర ఒక్కోటి నాలుగు ఆంపియర్లకు పైనే లాగుతుంది. గోడకుండే మామూలు సాకెట్ ఐదారుకు మించి మోయదు. ఒక సాయంత్రం తొందరలో రెండూ ఒకే బోర్డుకు తగిలించాం. రెండో సీన్ మధ్యలో ట్రిప్ అయింది. లైట్లు పోయాయి, ఫ్యాన్లూ ఆగిపోయాయి. నాకు గుండె ఆగినంత పనైంది. కిటికీల్లోంచి ఇంకా వెలుగు వస్తోంది కాబట్టి నటులు ఆపలేదు.

మా నాటకంలో ఒకచోట ఐదేళ్లు గడుస్తాయి. అంతవరకూ దాన్ని బ్లాకౌట్‌తో దాటించేవాళ్లం. ఇప్పుడు ఆర్పడానికి లైటే లేదు. ఏం చేయాలో తెలియక చెల్లెలి పాత్ర వేసే అమ్మాయి పెట్టె మీదున్న దుప్పటి తీసి మడతపెట్టబోయింది. పెద్ద దుప్పటి, ఒక్కరికి లొంగదు. ముందు వరుసలో ఒక పెద్దావిడ లేచి చెయ్యి చాపింది. అమ్మాయి రెండో కొస ఆవిడకు అందించింది. ఇద్దరూ దూరంగా జరిగి, దులిపి, దగ్గరకొచ్చి, మళ్లీ జరిగి, మడతపెట్టారు. హాల్లో ఎవరూ కదల్లేదు. ఆవిడ చివరి మడతను అరచేత్తో సాపు చేసి, దుప్పటిని అమ్మాయి చేతుల్లో పెట్టి, వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత డైలాగు ఏంటో నీకు తెలుసు: "ఐదేళ్లయింది అన్నయ్యా." నేను వెనక నిలబడి ఏడ్చేశాను.

ఆ రాత్రి వ్యాన్‌లో బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ గురించే మాట్లాడుకున్నాం. 1967లో శతాబ్ది నాటక బృందాన్ని పెట్టిన మనిషి, 1970లలో స్టేజీని వదిలేసి గదుల్లోకి, పార్కుల్లోకి వెళ్లిపోయాడు. ఎక్కడైనా ఇమడాలి, తేలిగ్గా మోసుకెళ్లాలి, ఖర్చు తక్కువవ్వాలి అన్నాడు. కాలేజీలో మనం అది చదివి, డబ్బుల్లేనివాళ్ల సర్దుబాటు అనుకున్నాం, గుర్తుందా? అది కాదురా. చీకట్లో కూర్చున్న ప్రేక్షకుణ్ణి నటుడు చూడలేడు, ఆయన బాధ అది. ఆ కిటికీ వెలుగు లేకపోతే ఆవిడ చాపిన చెయ్యి మా అమ్మాయికి కనపడేదే కాదు.

నీకు తెరలూ, తళుకులూ, సురభి నాటకాల మాయలూ ఇష్టమని తెలుసు. 1885 నుంచీ ఆ కుటుంబాలు అంత బరువునీ ఊరూరా మోస్తూ వచ్చాయి. వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెడతాను. నువ్వు పనిచేసే ఆడిటోరియంలో చేసే లైటింగ్‌నీ తక్కువ చెయ్యను. మా కథకు మాత్రం ఆ చీకటి అడ్డమైంది. ఇప్పుడు లైట్లు తీసుకెళ్లడం లేదు. పగలైతే కిటికీలు తెరుస్తాం, రాత్రయితే హాల్లో ఉన్న ట్యూబ్‌లైట్లు అన్నీ వేసి ఉంచుతాం.

అప్పటినుంచి దుప్పటి సీన్ నాటకంలో ఉండిపోయింది. అమ్మాయి కొస పట్టుకుని ముందు వరుస దగ్గర కాసేపు నిలబడుతుంది. ఎక్కువసార్లు ఎవరో ఒకరు లేస్తారు. ఒకసారి ఏడెనిమిదేళ్ల పిల్లాడు లేచాడు, వాడి చేతులకు అందక దుప్పటి నేల మీద ఈడ్చుకుంది, అదీ అందంగానే ఉంది. మూడుసార్లు ఎవరూ లేవలేదు. గడ్డం కింద కొస నొక్కిపెట్టి ఒక్కతే మడతపెట్టుకుంది.

దీని మీదే ఇప్పుడు మాలో మాకు గొడవ. ఎవరూ లేవని రోజు సీన్ పడిపోతోందని, జనంలో మన మనిషినొకణ్ణి కూర్చోబెడదామని డైరెక్టర్ అంటున్నాడు. నేను ససేమిరా అన్నాను. ఒంటరిగా మడతపెట్టుకున్న రోజు కూడా ఆ చెల్లెలి కథ నిజమే కదా! మిగతావాళ్లు ఎటూ తేల్చుకోలేక నీ మాట అడగమన్నారు. మొదటి రిహార్సల్స్‌లో ఆ దుప్పటిని తెచ్చింది నువ్వే మరి. వచ్చే ప్రదర్శనకు ఇంకా తొమ్మిది రోజులుంది, ఈలోపు రాయి.

నీ
నేస్తం